రాళ్లు దాచిన ఊరు

ఫోన్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి 30.97 ఉత్తర అక్షాంశం, 31.88 తూర్పు రేఖాంశం అని కొట్టండి. భూగోళం గిర్రున తిరిగి ఈజిప్టు ఉత్తర అంచున, నైలు నది సముద్రంలో కలవబోయే ముందు విసనకర్రలా విచ్చుకునే చోట ఆగుతుంది. ఈజిప్టు అనగానే మన కళ్లముందు మెదిలే ఇసుక ఇక్కడ లేదు. కాలవలు, వరిమళ్లు, చేపల చెరువులతో కోనసీమను తలపించే పచ్చదనం. ఆ పచ్చదనం నడుమ గోధుమరంగు మరక ఒకటి కనిపిస్తుంది. ఇంకాస్త దగ్గరికి వెళితే అది చేల మీదికి 30 మీటర్ల దాకా లేచిన మట్టిదిబ్బ. ఆనుకునే ఒక పల్లె. దిబ్బ మీద ఒకచోట పెద్ద చతురస్రం, దాని లోపల చిందరవందరగా తెల్లటి, ఎర్రటి చుక్కలు. మిగతాదంతా బోసి నేల. మూడు వేల ఏళ్ల కిందట ఈజిప్టును ఏలిన రాజధాని ఆ బోసి నేల కింద ఉంది.

పల్లె పేరు సాన్ ఎల్ హగర్. అరబ్బీలో హగర్ అంటే రాయి. రాళ్ల సాన్ అన్నమాట. ప్రాచీన ఈజిప్షియన్లు దీన్ని జానెత్ అన్నారు, గ్రీకులు తానిస్ అన్నారు. తెలుగు బైబిలు చదివేవారికి సోయను అన్న పేరుతో ఈ ఊరు ఎప్పటినుంచో పరిచయమే. హాలీవుడ్ సినిమాలు చూసేవారికి మరోలా తెలుసు. 1981లో వచ్చిన మొదటి ఇండియానా జోన్స్ సినిమాలో హీరో మందసం కోసం తవ్వేది ఈ తానిస్‌లోనే. ఇసుక తుపాను ఒక్క ఏడాదిలో ఊరిని మింగేసిందని ఆ సినిమాలో చెబుతారు. అసలు తానిస్‌ను ఏ తుపానూ మింగలేదు. నది పాయ తప్పుకుంది, జనం తగ్గిపోయారు, ఇళ్లు కూలి ఒకదాని మీద ఒకటి దిబ్బకట్టాయి. మన పల్లెల పాటిదిబ్బల కథే ఇది, కాకపోతే కొలత పెద్దది.

గేటు దాటి లోపలికి నడిచేవారికి మొదట ఎదురయ్యేవి పడిపోయిన రాళ్లే. ఎర్ర గ్రానైటు స్తంభాలు, నడుము విరిగిన ఒబెలిస్కులు అనే మొనదేలిన ఏకశిలా స్తంభాలు, ముఖం లేని రాజులు. ఆమున్ దేవుడి ఆలయ ప్రాంగణమిది. చుట్టూ కట్టిన పచ్చి ఇటుకల ప్రహరీ సుమారు 430 మీటర్లు పొడవు, 370 మీటర్లు వెడల్పు. గోడ మందమే 15 మీటర్లు. అంటే రెండు లారీలు పక్కపక్కన దాని మీద హాయిగా పోవచ్చు. ఎత్తు ఒకప్పుడు 10 మీటర్లు ఉండేదని అంచనా. లోపలివైపు మరో గోడ ఉంది. దాని ఇటుకలపై ముద్ర వేసి ఉన్న పేరు మొదటి సుసెన్నెస్ రాజుది, క్రీస్తుకు వెయ్యేళ్లు ముందువాడు. గోడ మీది పేరు అతనిది. కానీ రాళ్ల మీద మాత్రం ఎటు చూసినా రెండో రామెసెస్ పేరే. ఆయన సుసెన్నెస్‌కు దాదాపు రెండు వందల ఏళ్లు ముందు గడిచిపోయిన చక్రవర్తి.

ఆ పేరే పండితులను తరాలపాటు తప్పుదారి పట్టించింది. 1860లలో ఇక్కడ తవ్విన ఒగస్త్ మారియెత్, 1884లో వచ్చిన ఫ్లిండర్స్ పెట్రీ, 1929 నుంచి రెండు దశాబ్దాలకు పైగా శ్రమించిన పియెర్ మోంతె, అందరికీ రామెసెస్ శాసనాలే కనిపించాయి. రామెసెస్ కట్టుకున్న వైభవ నగరం పి-రామెసెస్ ఇదేనని మోంతె గట్టిగా నమ్మాడు. కాదని తేలడానికి దక్షిణాన ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న కంతీర్ అనే పల్లెలో తవ్వాల్సి వచ్చింది. అక్కడ పొలాల్లో భారీ విగ్రహం పాదాలు మాత్రమే మిగిలి ఉన్నాయి. విషయం ఇదీ. పి-రామెసెస్‌ను ఆనుకుని పారే నైలు పాయ ఒండ్రుతో పూడిపోయింది. నీళ్లు లేని రాజధానిలో ఎవరుంటారు? తర్వాతి రాజులు కొత్త పాయ ఒడ్డున తానిస్‌ను కట్టుకున్నారు. గ్రానైటు ఎక్కడో దక్షిణాన అస్వాన్ నుంచి రావాలి. అంత దూరం ఎందుకని పక్క ఊళ్లో పాడుపడ్డ ఆలయాలనే విప్పి తెచ్చుకున్నారు. పాత ఇంటి దూలాలు, ద్వారబంధాలు తెచ్చి కొత్త ఇంటికి బిగించుకున్నట్టే. తానిస్ రాళ్లు అబద్ధం చెప్పలేదు, అవి తమ పాత చిరునామా చెప్పాయి అంతే.

మోంతె ఊరి విషయంలో పొరబడినా అదృష్టం ఆయన్ను వదల్లేదు. 1939లో ఆలయ ప్రాంగణంలోనే నైరుతి మూల మట్టి ఇళ్ల కింద రాజుల సమాధులు బయటపడ్డాయి. ఈజిప్టు రాజు ఫారూక్ స్వయంగా వచ్చి చూస్తుండగా డేగ తల ఉన్న వెండి శవపేటికను తెరిచారు. 1940 ఫిబ్రవరిలో సుసెన్నెస్ అసలు గది తెరుచుకుంది. బయట గ్రానైటు పేటిక, లోపల మరో గ్రానైటు పేటిక, దాని లోపల నిలువెత్తు వెండి పేటిక, రాజు ముఖం మీద బంగారు తొడుగు. ఆ కాలపు ఈజిప్టులో వెండి బయటి దేశాల నుంచి రావాలి కాబట్టి దానికి ఉన్న విలువ వేరు. ఇక్కడా పాత సరుకు తంతు తప్పలేదు. బయటి గ్రానైటు పేటిక రామెసెస్ కొడుకు మెర్నెప్తా కోసం చెక్కింది. పేరు చెరిపి తెచ్చుకున్నారు, చెరపడంలో ఒకచోట మరిచిపోయారు. టుటాంఖామున్ సమాధితో పోల్చదగిన నిధి ఇది. అయినా లోకం పట్టించుకోలేదు. అప్పటికి యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధం రాజుకుంది, కొన్ని వారాల్లోనే హిట్లర్ సేనలు ఫ్రాన్స్‌లోకి దిగాయి. ఫ్రెంచివాడైన మోంతె తవ్వకం ఆపి ఇంటిదారి పట్టాడు. డెల్టా చెమ్మకు రాజుల మమ్మీలు కుళ్లి ఎముకలు మిగిలాయిగానీ, బంగారం వెండి చెక్కుచెదరలేదు.

రాళ్లు, బంగారం. దాదాపు రెండు వందల ఏళ్ల తవ్వకాల్లో తానిస్ గురించి రాసిన పుస్తకాలు ఎక్కువగా ఈ రెంటి చుట్టూనే తిరిగాయి. మరి ఊరేది? ఆ రాజుకు వంట చేసినవాళ్లు, ఇటుక కోసినవాళ్లు, పడవ నడిపినవాళ్లు ఎక్కడున్నారు? ఈజిప్టులో దేవుడికి రాయి, మనిషికి మట్టి. రాజు మేడ కూడా పచ్చి ఇటుకే. నైలు ఒండ్రులో గడ్డి కలిపి, చెక్క అచ్చులో పోసి, ఎండలో ఆరబెట్టిన ఇటుక. కూలిపోతే అది మళ్లీ చుట్టూ ఉన్న మట్టిలా కనిపిస్తుంది. తవ్వేవాడి పార గోడకు తగిలిందో నేలకు తగిలిందో చెప్పడం కష్టం. పైగా ఆ మట్టిలో సారం ఉంటుంది. ఈజిప్టు రైతులు దాన్ని సెబాఖ్ అని పిలిచి గాడిదల మీద పొలాలకు తోలుకునేవారు. పాటిమన్ను చేలకు తోలుకున్న మన రైతులకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. అలా డెల్టాలో ఎన్నో ఊళ్లు ఎరువై పంటలో కలిసిపోయాయి.

ఈ మట్టిలోంచి మట్టిని వేరుచేసే కన్ను ఆకాశంలో దొరికింది. కిటుకు అర్థం కావాలంటే సున్నం వేసిన పాత గోడను వానాకాలంలో చూడండి. వేసవిలో తెల్లగా, నున్నగా ఉన్న గోడ మీద ముసురు పట్టాక లోపలి ఇటుకల గీతలు బయటికి తేలతాయి. ఇటుక ఒకలా చెమ్మ పీలుస్తుంది, మధ్యలోని సున్నం మరోలా. దిబ్బ మీదా అంతే. మట్టిలో పూడిన పచ్చి ఇటుకల గోడ చుట్టూ ఉన్న వదులు మట్టికన్నా గట్టిగా, చిక్కగా ఉంటుంది. చెమ్మను, ఉప్పును వేరే తీరులో పట్టి ఉంచుతుంది. ఆ తేడా మన కంటికి ఆనదు. కంటికి కనిపించే ఎరుపుకు అవతల ఉన్న పరారుణ కాంతిలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ఈ పని చేసేవాళ్లు చలికాలం చిత్రాలనే ఏరుకుంటారు. డెల్టాలో నాలుగు చినుకులు పడేది అప్పుడే. ఇక కావలసింది పదును. 1972లో మొదలైన లాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాల్లో ఒక్కో చుక్క మొదట 80 మీటర్లు, తర్వాత 30 మీటర్లు. ఊరు తెలుస్తుంది, ఇల్లు తెలియదు. 2009 అక్టోబరులో ఎగిరిన వరల్డ్‌వ్యూ-2 అనే ఉపగ్రహం 770 కిలోమీటర్ల ఎత్తు నుంచి అరమీటరు చుక్కలతో నలుపు తెలుపు చిత్రం, రెండు మీటర్ల చుక్కలతో ఎనిమిది రకాల కాంతుల చిత్రం తీయగలదు. పదునైన నలుపు తెలుపు మీద రంగులను పరిచి ఒకటి చేస్తే, మీటరు మందం ఉన్న గోడ కూడా గీతలా నిలుస్తుంది.

ఈ పని తానిస్ మీద చేసి చూపిన మనిషి సారా పార్కాక్, అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం బర్మింగ్‌హామ్ శాఖలో ఆచార్యురాలు. ఆమె తాతగారు అటవీశాస్త్ర ఆచార్యుడు. విమానం నుంచి తీసిన ఫొటోలు చూసి చెట్ల ఎత్తు, అడవుల తీరు లెక్కగట్టేవాడు. తాత అడవులను చూసిన పద్ధతిలో మనవరాలు ఊళ్లను చూసింది. తానిస్ చిత్రాన్ని మామూలుగా తెరిస్తే గోధుమరంగు నేల తప్ప ఏమీ లేదు. కాంతులను విడదీసి, కలిపి, కంప్యూటరులో పదేపదే వడగట్టాక తెర మీద ఒక పట్టణం పటం తేలింది. వీధులు, సందులు, గదులు గదులుగా చీలిన ఇళ్లు, వాటిలో సంపన్నులవి అనిపించే పెద్ద లోగిళ్లు. మునిసిపాలిటీ వాళ్లు గీసిన ప్లానులా ఉంటుంది ఆ చిత్రం. నాకు అన్నిటికన్నా ముచ్చటేసింది ఆ తర్వాత జరిగిన పని. ఏళ్ల తరబడి తానిస్‌లో తవ్వుతున్న ఫ్రెంచి బృందం ఆ పటంలోంచి ఒక ఇంటిని ఎంచుకుని అక్కడే గునపం దింపింది. నేల పైన ఆనవాలు లేదు. కింద పచ్చి ఇటుకల గోడలు ఉన్నాయి, దాదాపు పటంలో గీసిన చోటనే. మూడు వేల ఏళ్ల నాటి ఇల్లు. 2011లో బీబీసీ చిత్రం ద్వారా లోకానికి తెలిసిన ఈ ఫలితంలో బంగారం ఊసే లేదు. అయినా తానిస్ చరిత్రలో మోంతె సమాధుల తర్వాత చెప్పుకోదగ్గ మలుపు ఇదేనని నా అభిప్రాయం.

అదే సమయంలో బయటికొచ్చిన మరో అంకె మాత్రం పత్రికల్లో ఊరేగింది. ఈజిప్టు మొత్తం మీద 17 పిరమిడ్లు, వెయ్యికి పైగా సమాధులు, మూడు వేలకు పైగా జనావాసాలు ఉపగ్రహ చిత్రాల్లో కనిపించాయన్న వార్త అది. ఈజిప్టు పురావస్తు పెద్దలు వెంటనే అడ్డు తగిలారు. చిత్రంలో కనిపించేది తేడా మాత్రమే, తవ్వేదాకా దాన్ని పిరమిడ్ అనలేం అన్నారు. ఆ మాటలో న్యాయముంది. చతురస్రంగా కనిపించేదల్లా పిరమిడ్ అయితే ఇసుకలో గాలి చెక్కిన గుట్టలు కూడా పిరమిడ్లే అవుతాయి. 2012లో ఒక అమెరికన్ ఔత్సాహికురాలు గూగుల్ ఎర్త్‌లో కొత్త పిరమిడ్లు చూశానంటే చాలా పత్రికలు ఆ వార్తను అచ్చేశాయి. 2025లో మరికొందరు గీజాలోని ఖఫ్రే పిరమిడ్ కింద వందల మీటర్ల లోతున స్తంభాలున్నాయని ఉపగ్రహ రాడార్ చెప్పిందన్నారు. రాడార్ తరంగం ఎండిన ఇసుకలో మీటర్ల లోతు దాకా పోగలదు. అంత రాతిలో అంత లోతుకు పోలేదు. తానిస్ ఇంటికి, ఈ కబుర్లకు తేడా ఒక్కటే, గునపం దిగిందా లేదా అన్నది.

ఈ వేటలో కొత్త ఉపగ్రహాలకన్నా పాతవి ఎక్కువ పనికొచ్చే సందర్భాలున్నాయి. 1960 నుంచి 1972 దాకా అమెరికా కరోనా అనే పేరుతో గూఢచారి ఉపగ్రహాలను తిప్పింది. అప్పట్లో అంతరిక్షం నుంచి అంత స్పష్టమైన ఫొటో పంపే వీలు లేదు. ఫిల్ము చుట్టను డబ్బాలో పెట్టి కిందికి వదిలితే, పారాచూట్‌తో దిగుతున్న దాన్ని పసిఫిక్ మీద విమానం గాలిలోనే కొక్కెంతో పట్టుకునేది. సోవియట్ క్షిపణుల కోసం తీసిన ఆ ఎనిమిది లక్షలకు పైగా చిత్రాలను 1995లో బహిరంగపరిచారు. వాటిలో ఆనాటి నైలు డెల్టా ఉంది. ఈరోజు అపార్టుమెంటు ఉన్నచోట ఆనాడు దిబ్బ ఉంది, చేపల చెరువున్న చోట కోటగోడ నీడ ఉంది. ఒకప్పుడు గాడిద మీద పోయిన మట్టి ఇప్పుడు పొక్లెయిన్‌తో పోతోంది, పల్లెలు దిబ్బల మీదికి పాకుతున్నాయి. దొంగలు సరేసరి. పార్కాక్ బృందం 2002 నుంచి 2013 దాకా చిత్రాలను వరసగా పేర్చి చూస్తే, దిబ్బల మీద దొంగ గోతులు 2009 ఆర్థిక మాంద్యం నాటికే పెరిగాయి, 2011 తిరుగుబాటు తర్వాత మళ్లీ ఎగబాకాయి. ఆకాశం నుంచి చూస్తే ఆ గోతులు మశూచి మచ్చల్లా ఉంటాయి. ఊరిని వెతికే కన్నే ఊరిని దోచేవాళ్ల లెక్కా రాస్తోంది.

నేల మీద నిజమని తేలిన ఫలితాలూ వస్తున్నాయి. చాలా పిరమిడ్లు నదికి దూరంగా, ఎడారి అంచున ఎందుకున్నాయన్నది పాత చిక్కుముడి. ఉపగ్రహ రాడార్‌తో నేల ఎత్తుపల్లాలను గాలించి, మట్టి నమూనాలు తోడి చూసిన ఇమాన్ గోనిమ్ బృందం 2024లో జవాబిచ్చింది. 64 కిలోమీటర్ల పొడవున పూడిపోయిన నైలు పాయ ఒకటి ఉంది, దాని గట్టునే 31 పిరమిడ్లు ఉన్నాయి. ఆ పాయకు అహ్రామత్ అని పేరు పెట్టారు, అరబ్బీలో పిరమిడ్లు అని అర్థం. తానిస్‌కు ఎంతో దూరం లేని ఇమెత్ అనే పాత పట్టణంలో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఉపగ్రహ చిత్రాల్లో ఇటుకల గుంపులను గుర్తించి తవ్వితే, క్రీ.పూ. 4వ శతాబ్దపు గోపురాల్లాంటి బహుళ అంతస్తుల ఇళ్ల పునాదులు దొరికాయని 2025లో ప్రకటించారు. బురదనేల మీద అంతస్తులు లేపిన మేస్త్రీలు ఆ కాలంలోనే ఉన్నారు.

తానిస్ కూడా ఊరుకోలేదు. 2025 అక్టోబరులో ఫ్రెంచి బృందానికి మోంతె చూసి వదిలేసిన సమాధిలోనే, పేరులేని పేటిక పక్కన, మట్టిలో 225 ఉషబ్తీలు దొరికాయి. ఉషబ్తీలంటే పరలోకంలో రాజుకు ఊడిగం చేయడానికి పెట్టే చిట్టి బొమ్మలు. వాటి మీది రాత ప్రకారం ఆ పేటిక మూడో షెషోంక్‌ది. సరిగ్గా దానికి ముందు నెలలో తానిస్ బంగారానికి కీడు జరిగింది. ఇక్కడే దొరికిన అమెనెమోపె రాజు కంకణాన్ని కైరో మ్యూజియం ప్రయోగశాల నుంచి దొంగిలించి, 1,80,000 ఈజిప్టు పౌండ్లకు అమ్మేశారు, కరిగించేశారు. మూడు వేల ఏళ్లు మట్టి కాపాడిన వస్తువు అది. రాళ్ల ప్రయాణం కూడా ఇంకా ఆగలేదు. కైరో తహ్రీర్ కూడలిలో నిలిపిన ఒబెలిస్కు సాన్ ఎల్ హగర్‌దే. గీజాలో కొత్తగా తెరిచిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం ముంగిట, కిందినుంచి నడిచి వెళ్లి అడుగు చూసేలా గాలిలో నిలిపిన ఒబెలిస్కు కూడా ఇక్కడిదే. ఆ అడుగున రెండో రామెసెస్ పేరుంది.

వెళ్లాలనుకునేవారికి నాలుగు మాటలు. సాన్ ఎల్ హగర్ కైరోకు ఈశాన్యాన షర్కియా జిల్లాలో ఉంది, కారులో మూడు గంటలు పెట్టుకోండి. పర్యాటక బస్సుల దారి కాదు కనుక కైరోలో బండి మాట్లాడుకుని ఉదయమే బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావడం మేలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. నీడ ఉండదు, నీళ్లు, టోపీ వెంట ఉండాలి. సమాధుల నిధి మాత్రం ఇక్కడ లేదు, కైరో తహ్రీర్ పాత మ్యూజియంలో ఉంది. సుసెన్నెస్ బంగారు ముఖం అక్కడే చూడాలి. తానిస్ పెద్ద సింహిక పారిస్ లూవ్ర్‌లో ఉంది. అంత దూరం పోలేనివారు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూడొచ్చు, అది తానిస్‌ది కాకపోయినా. సాన్‌లో కాపలాదారులు మిమ్మల్ని ఒబెలిస్కుల దగ్గరికి, విగ్రహాల దగ్గరికి, సమాధుల దగ్గరికి తీసుకెళతారు. అవన్నీ అయ్యాక ప్రహరీ దాటి బయటి దిబ్బ మీద కాసేపు నిలబడండి. ఉపగ్రహం గీసిన వీధులూ ఇళ్లూ అక్కడివే. నేల మీద మాత్రం ఉప్పు తేలిన మట్టి, కుండపెంకులు తప్ప ఇంకేమీ కనిపించదు.